విరిగిన వంతెన

తుఫాను వెళ్లిన నాలుగో రాత్రి
మర్రిపాలెంలో మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద
ఒక కొవ్వొత్తి, ఏడుగురు పిల్లలు.
కరెంటు లేదు, కుళాయి లేదు,
ఆరింటి బొమ్మల సీరియల్ లేదు.
"ఆటల షాపు మావయ్యా,
జిరాన్‌కి తర్వాతేటయిందో నువ్వే చెప్పు" అని
లుంగీ అంచు పట్టుకున్నారు.

నాకు తెలిసింది ఆట, సీరియల్ కాదు.
అల్లిపురంలో పదకొండేళ్లు
రూపాయికి మూడు ప్రాణాలు అమ్మినవాణ్ణి.
నా రోజుల్లో జిరాన్ గోరంత మనిషి,
పదహారు చుక్కల ఎత్తు.
కత్తి ఉండేది, నోరు ఉండేది కాదు.
వాడి తరఫున అరిచేది ఆడే కుర్రాడే.
హార్బర్ నుంచి ఒకడొచ్చేవాడు, చేతులకి ఐసు వాసన,
జిరాన్ చచ్చినప్పుడల్లా
"ఓలమ్మో" అని తను ఒరిగిపోయేవాడు.

సరే, మొదలుపెట్టాను.
జిరాన్ మౌనంగా కొండెక్కుతున్నాడు...
"తప్పు" అన్నాడు రెండో అంతస్తు భార్గవ్.
"ముందు జోకేస్తాడు. తర్వాతే కత్తి తీస్తాడు."
జోకేయించాను.
లోయలో పడి చచ్చిపోయి మళ్లీ మొదటి నుంచి లేచాడన్నాను.
"చావకూడదు!" ఏడు గొంతులు.
పడొచ్చట. పడితే చేతికి ఒక కొమ్మ దొరకాలట.
ప్రతిసారీ దొరుకుతుందట.
మెట్ల కిటికీలోంచి చూశాను,
వీధి పొడవునా
కొమ్మున్న చెట్టు ఒక్కటీ లేదు.
మిగిలిన ఆకులు కూడా
ఎవరో ఇస్త్రీపెట్టె ఆనించినట్టు మాడి ఉన్నాయి.

మాంత్రికుణ్ణి చంపబోయాను, ఒప్పుకోలేదు.
"ఇంతటితో అయిపోలేదురా" అని పొగలో కలిసిపోవాలి,
వచ్చేవారం వాడికీ పనుండాలి కదా.
రాకుమారి దొరికిన మర్నాడే మళ్లీ పోవాలి.
"ఆవిడకి ఇంకేం పని లేదా?" అంది రిజ్వానా.
లేదమ్మా. ఆటలోనూ
చివరి గదిలో నిలబడే ఉండేది.
ఒక్కరోజైనా కూర్చోగా చూడలేదు.

అయిదో రాత్రి, కథ సగంలో
వాచ్‌మన్ కూతురు నూకరత్నం నోరు విప్పింది.
వాళ్ల రేకు ఎగిరిపోయాక
ఈ మెట్ల కిందే పడుకుంటున్నారు.
సీరియల్ ఎప్పుడూ గుమ్మాల్లోంచే చూసింది,
చెప్పులు విడిచే చోట నిలబడి,
ఎవరైనా తలుపేసేదాకా.
"నిన్న ఆ పాము తోకతో
వంతెన ఇరగ్గొట్టీసింది గదా.
మరివాళ దానిమీదే పరిగెడతన్నాడు.
ఎవులు కట్టినారు?"

అంతా నవ్వారు.
"బొమ్మల్లో అంతే. కొత్త ఎపిసోడ్‌లో అన్నీ మళ్లీ ఉంటాయి."
నేనూ నవ్వబోయి ఆగాను.
ఆటలో గది దాటి వెనక్కొస్తే
పగలగొట్టిన కుండలు వరసగా నిలబడి ఉండేవి.
నేను గానీ, ఆ హార్బర్ కుర్రాడు గానీ
కుమ్మరి ఎవరని అడిగామా?
"ఎవులో ఒకలు కట్టాల గదేటి"
అంది నూకరత్నం, తనలో తనే.

మర్నాడు లారీలో లైన్‌మెన్ వచ్చారు,
మా యాస కాదు, సీమ యాస.
పడిన స్తంభాన్ని తాళ్లు కట్టి లేపుతుంటే
ఒకడికి చెప్పు తెగింది,
వైరు ముక్కతో కట్టుకుని మళ్లీ ఎక్కాడు.
బిందె చంకనేసుకుని
నూకరత్నం వాళ్లనే చూస్తూ ఉండిపోయింది.

ఆ రాత్రి కథలో జిరాన్‌ని నిద్రపుచ్చాను.
మాంత్రికుణ్ణి ఇంటికి పంపేశాను.
వంతెన దగ్గరికి నలుగురొచ్చారన్నాను,
తాడు, గునపం, పాత డబ్బాలో సిమెంటు,
ఒకడి చెప్పుకి వైరు.
"ఏమీ జరగట్లేదే" అన్నాడు భార్గవ్.
"ఉండెహె" అంది నూకరత్నం.

అప్పుడే లైట్లొచ్చాయి.
వీధంతా ఒక్క కేక.
ఆరుగురూ టీవీల వైపు పరుగు,
పై అంతస్తులో కత్తుల చప్పుడు,
జిరాన్ జోకు, నవ్వులు.
మెట్ల మీద కొవ్వొత్తి అనవసరంగా వెలుగుతోంది.
పిల్ల కదల్లేదు.
"తర్వాత?"

ఈ కథకి నా దగ్గర నియమాలేవీ లేవు.
కాసేపు ఆలోచించి
"తాడు చాల్లేదు" అన్నాను.
ఆమె ఒక మెట్టు దగ్గరకు జరిగింది.